300 ఎంబీపీఎస్ లైన్ ఉన్నా టీవీలో చక్రం తిరుగుతోందంటే, దారి ఎక్కడ తెగుతోందో పట్టుకోవడం ఎలా

ముందు మీరు పంపిన ప్రశ్నను నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం, ఇదే బాధ పడుతున్న మిగతావాళ్లకీ పనికొస్తుంది. హైదరాబాద్ మియాపూర్‌లో ఐదో అంతస్తు ఫ్లాటు, 300 ఎంబీపీఎస్ ఫైబర్ లైను. ఫోన్లో స్పీడ్ టెస్ట్ కొడితే 280 పైనే చూపిస్తోంది. కానీ హాల్లో ఉన్న 55 అంగుళాల టీవీలో రాత్రి ఎనిమిదిన్నర దాటాక మ్యాచ్ ఆగి ఆగి వస్తోంది, సినిమా మొదటి రెండు నిమిషాలూ మసకగా ఉంటోంది. రూటర్ ఆపి వేస్తే ఓ అరగంట బాగుంటోంది, తర్వాత మళ్లీ అదే వరస. డీఎన్ఎస్ (సైటు పేరు చెబితే దాని చిరునామా వెతికిపెట్టే సర్వరు) మార్చి చూశారు, ఫలితం లేదు. కస్టమర్ కేర్ వాళ్లు 500 ప్లాన్‌కి మారమంటున్నారు. మారాలా వద్దా అని మీ సందేహం.

మారకండి. 4కె సినిమాకు నెట్‌ఫ్లిక్స్ తానుగా అడిగేదే 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5. రెండు టీవీల్లో 4కె, ఇద్దరి ఫోన్లలో రీల్స్, ఇంకొకరికి ఆఫీసు వీడియో కాల్ అన్నీ ఒకేసారి నడిచినా 60 దాటడం కష్టం. మీ దగ్గర ఉన్నది దానికి ఐదింతలు. ఇంట్లో ఏదో ఒక చోట దారి సన్నబడి 20 కూడా నిలకడగా దాటడం లేదు. ఆ సన్నబడ్డ చోటు అలాగే ఉంటే వీధిలోకి 500 వచ్చినా 1000 వచ్చినా టీవీకి చేరేది అంతే.

అపార్టుమెంటులో ఉంటారు కాబట్టి పై ట్యాంకు లెక్క మీకు తెలిసిందే. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చినా, పైన ట్యాంకులో నీళ్లున్నంతసేపు వంటింటి కుళాయికి ఆ సంగతి తెలియదు. వీడియో యాప్ చేసేదీ అదే. సినిమాను కొద్ది సెకన్ల ముక్కలుగా ముందే దింపుకుని నిలవ పెట్టుకుంటుంది. లైను పది సెకన్లు పడిపోయినా ఆ నిలవతో నెట్టుకొస్తుంది, మీకు తెలియనివ్వదు. లైవ్ మ్యాచ్‌కి ఆ వీలు లేదు, ఇంకా వేయని బంతిని ముందే దింపుకోలేదు కదా. కొన్ని సెకన్ల నిలవ తప్ప వెనక ఏమీ ఉండదు. అందుకే జియోహాట్‌స్టార్‌లో మ్యాచ్ ఆగిన రోజున కూడా ఆహాలో పాత సినిమా హాయిగా ఆడుతుంది. దీన్ని చూసి యాప్‌నే తిట్టుకుంటారు చాలామంది. నిజానికి మీ లైనులో ఎప్పటినుంచో ఉన్న చిన్న చిన్న తెంపులను మ్యాచ్ బయటపెట్టిందంతే.

స్పీడ్ టెస్ట్ 280 చూపించడం అబద్ధం కాదు, కానీ అది వేరే ప్రశ్నకు జవాబు. ఆ పరీక్ష మీరు ఫోన్లో చేశారు, బహుశా రూటరున్న గదిలోనే. అది ఎంచుకునే సర్వరు చాలాసార్లు మీ ఇంటర్నెట్ కంపెనీ సొంత నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. పైగా ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి, పది పదిహేను సెకన్లు లాగి, సగటు చెబుతుంది. టీవీ ఒకటి రెండు కనెక్షన్లతో, వేరే కంపెనీ సర్వరు నుంచి, మూడు గంటలపాటు, గోడకి అతుక్కున్న తన చిన్న యాంటెన్నాతో లాగాలి. కాబట్టి పరీక్ష టీవీలోనే చేయాలి, అదీ బాధ ఉన్న వేళలోనే. పొద్దున పదకొండుకి చేసిన ఏ పరీక్షకీ విలువ లేదు.

టీవీలో పరీక్షకు రెండు దార్లు. నెట్‌ఫ్లిక్స్ యాప్‌లో సహాయం విభాగంలోకి వెళ్తే నెట్‌వర్క్ తనిఖీ ఉంటుంది. టీవీలో బ్రౌజర్ ఉంటే ఫాస్ట్ డాట్ కామ్ తెరవండి, అది నెట్‌ఫ్లిక్స్ సొంత సర్వర్ల నుంచే కొలుస్తుంది కాబట్టి మామూలు స్పీడ్ టెస్ట్ కంటే దానికి ఇక్కడ విలువ ఎక్కువ.

రెండోది యూట్యూబ్. నా లెక్కలో ఇంతకంటే మంచి పనిముట్టు ఉచితంగా దొరకదు. ఏదైనా 4కె వీడియో పెట్టి, ప్లేయర్ సెట్టింగుల గుర్తులోకి వెళ్లి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ అన్నది ఆన్ చేయండి. తెర మూలన అంకెలు వస్తాయి. వాటిలో మూడే చూడండి: కనెక్షన్ స్పీడ్, బఫర్ హెల్త్, డ్రాప్ అయిన ఫ్రేములు (తెర మీదికి రాకుండానే పోయిన బొమ్మలు). బఫర్ హెల్త్ అంటే పై ట్యాంకులో ఎన్ని సెకన్ల నీళ్లున్నాయన్నమాట. అది 30 సెకన్ల పైన నిలబడి ఉండగానే బొమ్మ తడబడుతుంటే, డ్రాప్ ఫ్రేములు పెరుగుతుంటే, తప్పు నెట్‌ది కాదు, టీవీ ప్రాసెసర్‌ది. బఫర్ మెట్టు మెట్టుగా దిగుతూ సున్నాకి చేరి ఆగితే దారి సన్నగా ఉంది. నిండుగా ఉన్నది ఉన్నట్టుండి దిగిపోయి, కాసేపటికి మళ్లీ నిండితే దారి వెడల్పు సరిపోతోంది, మధ్యలో తెగుతోంది. ఈ మూడు రకాలకీ మందులు మూడు వేరు. ఏది మీదో తెలియకుండా డీఎన్ఎస్ మార్చడం జ్వరమో కడుపునొప్పో చూడకుండా మాత్ర వేసుకోవడమే.

ఇక దారిని రెండుగా కోసి చూడండి. రూటర్ నుంచి టీవీ వరకు సరిపడే క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ ఒకటి, రెడీమేడ్‌గా రెండు వైపులా ప్లగ్ ఉన్నది, పది పదిహేను మీటర్లది తెచ్చి ఒక్క రాత్రికి నేల మీద పరిచేయండి. ఇంట్లోవాళ్లు కాలికి తగులుతోందని గొణుగుతారు, ఒక్క మ్యాచ్ దాకా ఓర్చుకోమనండి. టీవీ సెట్టింగుల్లో వైఫై ఆపేసి వైరుతో నడపండి. బాధ పోయిందా, అయితే తప్పు నూటికి నూరుపాళ్లు ఇంట్లోని వైఫైది, ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసే పని లేదు. పోలేదా, వైరు తీసేసి టీవీని 5జీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. హాట్‌స్పాట్ మీద చక్కగా ఆడితే తప్పు మీ ఫైబర్ లైనుదో రూటర్‌దో. హాట్‌స్పాట్ మీదా ఆగితే టీవీనో యాప్‌నో అనుమానించాలి. రెండు రాత్రుల పని ఇది.

ఒక మాట ముందే చెప్పాలి, లేకపోతే వైరు పెట్టాక కంగారు పడతారు. చాలా టీవీలకు, ఖరీదైనవాటికి కూడా, వెనక వైరు పెట్టే లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే. వైరు మీద పరీక్ష 94 దగ్గర ఆగిపోతుంది. వైఫైలో 180 వచ్చేది కదా, వైరు పెడితే తగ్గిందేమిటని పీకేయకండి. నిలకడగా వచ్చే 94 మీకు అవసరమైనదానికి ఆరింతలు.

మీ లక్షణాలను బట్టి చూస్తే, ముఖ్యంగా రీస్టార్ట్ చేశాక అరగంట బాగుండడం చూస్తే, నా అనుమానం ఎక్కువపాలు వైఫై మీదే. ఎందుకో చెప్తాను. రూటర్ తన రెండు వైఫై బ్యాండులను, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటినీ ఒకే పేరుతో ప్రసారం చేస్తుంటే, రీస్టార్ట్ తర్వాత టీవీ కొత్తగా వెతుక్కుని 5కి ఎక్కుతుంది. ఎప్పుడో ఒక క్షణం సిగ్నల్ తగ్గి జారిందంటే 2.4 మీద పడుతుంది, ఇక అక్కడే కూర్చుంటుంది. ఫోను తిరుగుతూ ఉంటుంది కాబట్టి మళ్లీ వెతుక్కుంటుంది, టీవీకి ఆ తెలివి తక్కువ. రాత్రి ఎనిమిదిన్నరకి మీ అంతస్తులో నాలుగు ఫ్లాట్లు, పైనా కిందా ఇంకో ఎనిమిది, అన్నీ ఒకేసారి 2.4 మీదే అరుస్తుంటాయి. ఆ బ్యాండులో ఒకదాన్నొకటి తొక్కని చానెళ్లు మూడే: 1, 6, 11. డజను రూటర్లు మూడు చానెళ్లను పంచుకుంటే ఏమవుతుందో రాత్రి తొమ్మిదికి మీ టీవీ చూపిస్తోంది. పగలు వాళ్లంతా ఆఫీసుల్లో ఉంటారు, అందుకే పగలు బాగుంటుంది. ఇంటర్నెట్ కంపెనీ లైను కిక్కిరిసినా ఇదే వేళకి ఇదే లక్షణం వస్తుంది, అందుకే ముందు వైరు పరీక్ష చేయమన్నది.

దీనికి చేయాల్సింది: రూటర్ సెట్టింగుల పేజీలోకి (బ్రౌజర్‌లో రూటర్ చిరునామా కొడితే వచ్చేది) వెళ్లి స్మార్ట్ కనెక్ట్ లేదా బ్యాండ్ స్టీరింగ్ అన్నది ఆపండి. 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టండి. టీవీలో పాత పేరును మర్చిపోనిచ్చి, కొత్త పేరుకి మాత్రమే కలపండి. 5లో చానెల్‌ను ఆటోలో వదలకుండా 36 గానీ 149 గానీ పెట్టి, వెడల్పు 80 మెగాహెర్ట్జ్ ఉంచండి. పక్కింటివాళ్లంతా 36 మీదే ఉంటే 149కి వెళ్లండి, వైఫై అనలైజర్ యాప్ ఫోన్లో వేసుకుంటే ఎవరెక్కడున్నారో కొండల్లా గీసి చూపిస్తుంది. 52 నుంచి 144 వరకు ఉన్న చానెళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ ఉన్నట్టు అనిపిస్తే రూటర్ అక్కడి నుంచి తప్పుకోవాలి, కొత్త చానెల్ కూడా ఆ వరసలోదే అయితే మొదలుపెట్టే ముందు కనీసం నిమిషంపాటు వినాలి. మ్యాచ్ మధ్యలో అది జరిగితే మీకు కారణం అంతుపట్టదు. కొన్ని టీవీలకు, టీవీకి గుచ్చుకునే వీడియో స్టిక్కులకు ఆ చానెళ్లు అసలు కనిపించవు కూడా. 2.4ని బల్బులకీ కెమెరాలకీ పాత ఫోన్లకీ వదిలేయండి, దాని వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చేయండి. 40 పెడితే మీకు వచ్చేది తక్కువ, పక్కవాళ్లను చెడగొట్టేది ఎక్కువ.

5కి మారాక సిగ్నల్ సరిపోతుందా అన్నది కొలవాలి. ఫోన్‌ను సోఫాలో కూర్చుని చూడడం కాదు, టీవీ వెనక గోడకి ఆనించి పట్టుకోండి, టీవీ చెవి ఉండేది అక్కడ. యాప్‌లో సిగ్నల్ మైనస్ అంకెల్లో ఉంటుంది. మైనస్ 50 అంటే గొప్పగా ఉంది. మైనస్ 65 వరకు 4కెకి ఢోకా లేదు. మైనస్ 70 దాటితే రాత్రిళ్లు తెగుతుంది. మైనస్ 80 అంటే అక్కడ వైఫై ఉన్నట్టు కాదు.

ఇక్కడ మన ఊరి కట్టడాల సంగతి చెప్పుకోవాలి. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు కొత్త టవర్లలో చాలావాటిని మివాన్ పద్ధతిలో కట్టారు, అంటే అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీటు గోడలు, లోపలంతా ఇనుప చువ్వలు. ఇటుక గోడ దాటి వచ్చినంత తేలిగ్గా 5 గిగాహెర్ట్జ్ వీటిని దాటదు. ఒక గోడకి నీరసిస్తుంది, రెండో గోడకి చచ్చిపోతుంది. అలాంటి ఫ్లాట్లలో ఎంత ఖరీదైన రూటర్ కొన్నా ఒక్కదానితో ఇల్లంతా పారదు. పాతబస్తీలో రాతి గోడల ఇళ్లదీ అదే కథ. మియాపూర్‌లో మీది పదిహేనేళ్ల నాటి ఇటుక గోడల భవనమైతే మీరు అదృష్టవంతులు, రూటర్ చోటు మార్చితేనే సగం పని అవుతుంది.

ఆ చోటు సంగతీ చెప్పాలి. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి ఫైబర్ ఎక్కడిదాకా వచ్చిందో అక్కడే, అంటే గుమ్మం పక్కన, షూ ర్యాక్ మీదో కరెంటు డీబీ బాక్సు పక్కనో రూటర్ డబ్బాను పెట్టేసి పోతాడు. ఇనుప డీబీ, ఫ్రిజ్, అద్దాల బీరువా, చేపల తొట్టి ఇవన్నీ వైఫైకి అడ్డుగోడలే. టీవీ యూనిట్ తలుపుల్లో దాచిపెట్టడం ఇంకో అలవాటు. అందంగా ఉంటుంది, మే నెలలో డబ్బా లోపల ఉడికిపోతుంది. వేడెక్కిన రూటర్ కాసేపయ్యాక తడబడుతుంది, ఆపి వేస్తే చల్లబడి కాసేపు నడుస్తుంది. మీ అరగంట లెక్కకు ఇది కూడా సరిపోతుంది, ఓసారి చెయ్యి పెట్టి చూడండి. ఛాతీ ఎత్తులో, గాలి ఆడేచోట, టీవీకి నేరుగా కనిపించేలా ఉండాలి. ఫైబర్‌ను లోపలికి పొడిగించడం కష్టమైతే డబ్బాను అక్కడే వదిలి, దాన్నుంచి క్యాట్ 6 వైరు హాల్లోకి లాగి, అక్కడ వేరే రూటర్ పెట్టండి. అలా రెండోది పెట్టినప్పుడు మొదటి డబ్బా వైఫైని తప్పకుండా ఆపేయాలి. లేకపోతే మీ ఇంట్లోనే రెండు రూటర్లు ఒకదాని మీద ఒకటి అరుస్తుంటాయి. ఈ తప్పు ఎన్ని ఇళ్లలో కనిపిస్తుందో చెప్పలేను.

మెష్, అంటే ఇల్లంతా ఒకే వైఫై పరిచే రెండు మూడు పెట్టెల జత, కొందామనుకుంటే ఒక్కటే నియమం, వీలైతే పెట్టెల మధ్య వైరు ఉండాలి. వైరు లేకుండా నడిచే రెండు బ్యాండుల మెష్‌లోనూ, చవకరకం రిపీటర్‌లోనూ అందుకోవడం, అందించడం రెండూ ఒకే రేడియో చేయాలి, వేగం దాదాపు సగమవుతుంది. అదైనా పరవాలేదు, 100 మిగిలినా చాలు కదా అంటారా, నిజమే. కానీ రెండో పెట్టెను టీవీ పక్కన సిగ్నల్ చచ్చిన చోట పెడతారు. దానికే అందనిది టీవీకి ఏమిస్తుంది? రెండింటి మధ్య, మైనస్ 60 దగ్గర దాని స్థానం.

కేబుల్ లాగించేటప్పుడు జాగ్రత్త. బజారులో దొరికే చవక కేబుళ్లలో చాలావాటిలో లోపల ఉండేది అల్యూమినియం, పైన రాగి పూత. గోరుతోనో బ్లేడుతోనో తీగను గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ కోఠీ గుజరాతీ గల్లీలో గానీ కొంటే పూర్తి రాగి తీగదే కావాలని నోరు తెరిచి అడగండి. ఫ్లాటులో బిల్డరు ముందే వేయించిన కేబుల్ ఉంటే, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి పరీక్షించండి. ఇక్కడ 94 వస్తే మాత్రం ఊరుకోకూడదు. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి. ఎక్కడైనా ఒక్క తీగ ప్లగ్గులో సరిగ్గా కూర్చోకపోతే లైను తనంతట తాను 100కి దిగిపోతుంది, 1, 2, 3, 6 తీగలు ఉంటే అది నడుస్తుంది కాబట్టి. ప్లగ్గు కోసి మళ్లీ కొట్టించండి. వరస రెండు చివరలా ఒకటే ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కరెంటు వైర్ల మీదుగా నెట్ పంపే అడాప్టర్లు కొనేముందు మీటరు చూడండి. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఫ్లాటులో రూటరున్న గది ఒక ఫేజు మీద, హాలు ఇంకో ఫేజు మీద ఉంటే అవి సరిగ్గా పనిచేయవు.

వైరు పెట్టినా బాధ పోలేదనుకుందాం. విండోస్ ల్యాప్‌టాప్‌ను వైరుతో రూటర్‌కి కలిపి రెండు కమాండ్ విండోలు తెరవండి. పింగ్ అంటే చిన్న పలకరింపు పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలవడం. ఒకదానిలో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి రూటర్ చిరునామా, మామూలుగా 192.168.1.1, మళ్లీ ఖాళీ, చివర మైనస్ గుర్తూ టి అక్షరమూ. రెండోదానిలో అదే, చిరునామా మాత్రం 8.8.8.8, అది బయట ఉన్న గూగుల్ సర్వరుది. మ్యాచ్ నడుస్తుండగా పది నిమిషాలు వదిలేయండి. వైరు మీద రూటర్ ఒక మిల్లీసెకండు లోపు పలకాలి. అదే తడబడితే రూటరే పాడైంది, లేదా దాని అడాప్టర్. అడాప్టర్‌ను ఎవరూ అనుమానించరు. 12 వోల్టుల చిన్న అడాప్టర్ మూడు నాలుగేళ్లకి నీరసిస్తుంది, లైట్లన్నీ వెలుగుతూనే ఉంటాయి, పని భారం పెరిగినప్పుడు రూటర్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. మార్చేటప్పుడు వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు పాతదానితో సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ఇన్వర్టర్ లేని ఇళ్లలో పెట్టుకునే మినీ యూపీఎస్‌కీ ఇదే లెక్క.

రూటర్ చక్కగా పలుకుతూ 8.8.8.8 మాత్రం 20 మిల్లీసెకండ్ల నుంచి 300కి ఎగురుతుంటే, ముందు మీ ఇంట్లోని అప్‌లోడ్ చూడండి. వీధి కెమెరా, మెట్ల కెమెరా క్లౌడుకి పంపుతుంటాయి, ఫంక్షన్ నుంచి వచ్చిన రోజు నలుగురి ఫోన్లూ ఫోటోలను ఒకేసారి పైకి ఎక్కిస్తుంటాయి. అప్‌లోడ్ నిండిపోతే, దిగుమతిలో (డౌన్‌లోడ్‌లో) ముక్క అందిందని చెప్పే చిన్న రసీదులు కూడా ఆ వరసలో ఇరుక్కుంటాయి. రసీదు రాకపోతే సర్వరు తర్వాతి ముక్క నెమ్మదిగా పంపుతుంది. దిగుమతి 300 ఖాళీగా ఉన్నా వీడియో ఆగడానికి ఇదొక కారణం. కెమెరాలూ ఫోటోల బ్యాకప్పూ ఓ గంట ఆపి పింగ్ చూస్తే తేలిపోతుంది. రూటర్‌లో ఎస్‌క్యూఎం లేదా క్యూఓఎస్ (ఏది ముందు పోవాలో రూటరే చూసుకునే సెట్టింగు) ఉంటే అప్‌లోడ్ హద్దును నిజంగా వచ్చే వేగంలో 90 శాతానికి పెట్టండి. అప్పుడు క్యూ మీ రూటర్ చేతిలో ఉంటుంది, అది చిన్నవాటిని ముందు పంపుతుంది. అది లేని రూటర్ అయితే బ్యాకప్‌ను రాత్రి పన్నెండు తర్వాతకి మార్చండి, అంతే.

ఇంట్లో ఏమీ నడవకపోయినా బయటి పింగ్ రాత్రిళ్లే ఎగిరితే, మధ్యలో సమాధానాలు మాయమైతే, ఇప్పుడు ఫైబర్ వైపు చూడాలి. డబ్బా పేజీలో ఆప్టికల్ లేదా పాన్ సమాచారం అన్నచోట ఆర్ఎక్స్ పవర్ అని ఒక మైనస్ అంకె ఉంటుంది, మీ డబ్బాకి చేరే వెలుగు బలం అది. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరికి వెళ్తే అది అంచు, డబ్బా వెలుగును సరిగ్గా చదవలేదు. సిగ్నల్ పోయిందని చెప్పే ఎర్ర లాస్ లైటు వెలగకుండానే డేటాలో తప్పులు దొర్లుతుంటాయి. సోఫా వెనక ఫైబర్ నలిగిందా, మేకు చుట్టూ బిగించి తిప్పారా చూడండి, బొటనవేలంత గుండ్రం కంటే సన్నగా వంచకూడదు. ఆకుపచ్చ ప్లగ్గు చివర ఏటవాలుగా అరగదీసి ఉంటుంది, నీలం ప్లగ్గుది వేరే తీరు. ఆకుపచ్చదాన్ని నీలం సాకెట్లో దూర్చితే లోపలికి వెళ్తుంది, వెలుగు మాత్రం సగంలో పోతుంది. ఆ చివరను వేలితో తుడవకండి, కంటి దగ్గర పెట్టుకుని చూడకండి.

మన ఊళ్లో ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. 2025 ఆగస్టులో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయిన రామంతాపూర్ దుర్ఘటన తర్వాత విద్యుత్తు సంస్థ స్తంభాల మీది కేబుళ్లను పెద్ద ఎత్తున తొలగించింది. తెగిన తీగను మళ్లీ కలిపిన ప్రతిచోటా కొంత వెలుగు పోతుంది. యంత్రంతో కరిగించి అతికితే పోయేది నామమాత్రం, క్లిప్పుతో బిగించిన జాయింటు అయితే ఎక్కువ, వానకి లోపల తడి చేరితే ఇంకా ఎక్కువ. వాన పడ్డ రాత్రే బాధ పెరుగుతోందంటే ఆర్ఎక్స్ అంకెను ఎండ రోజున ఓసారి, వాన రోజున ఓసారి రాసి పెట్టుకోండి. రెండు మూడు తేడా ఉంటే జాయింటు మార్చాల్సిందే.

వెలుగు బాగుండి కూడా రాత్రిళ్లు తడబడితే అది రద్దీ. వీధిలోని ఒక్క జీపాన్ (ఇళ్లకు ఫైబర్ పంచే పద్ధతి) తీగలో 2.5 గిగాబిట్లు వస్తాయి, దాన్ని 32 ఇళ్లో 64 ఇళ్లో పంచుకుంటాయి. అక్కడ కిక్కిరిసే కంటే, కంపెనీ నుంచి వీడియో సంస్థలకు వెళ్లే లింకుల దగ్గర ఇరుకు ఉండడమే ఎక్కువ. నెట్‌ఫ్లిక్స్, గూగుల్ తమ వీడియోల నిలవ పెట్టెలను చాలా ఇంటర్నెట్ కంపెనీల నెట్‌వర్క్‌లోనే పెట్టిస్తాయి, కాబట్టి అవి బాగుండి వేరే యాప్ ఒక్కటే ఆగుతుంటే ఈ ఇరుకునే అనుమానించండి. దీన్ని పట్టే ఉపాయం వీపీఎన్, అంటే మీ నెట్‌ను వేరే సర్వరు మీదుగా మళ్లించే యాప్. యూట్యూబ్ గానీ వేరే యాప్ గానీ బాధ పెట్టేవేళ వీపీఎన్ వేస్తే బాగుపడిందంటే, దారి మారింది కాబట్టి పాత దారిదే తప్పు. ఇది పరీక్షకే, రోజూ వాడడానికి కాదు, చాలా వీడియో యాప్‌లు వీపీఎన్‌ను ఒప్పుకోవు.

డీఎన్ఎస్ మార్చానన్నారు కదా, దాన్ని వెనక్కి, కంపెనీ ఇచ్చినదానికే పెట్టండి. డీఎన్ఎస్ వీడియో వేగాన్ని పెంచదు. పైగా కొన్ని సంస్థలు ఎవరి డీఎన్ఎస్ అడిగిందో చూసి దగ్గరి సర్వరు ఏదో తేలుస్తాయి. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల డీఎన్ఎస్ 1.1.1.1 మీ చిరునామా వివరాన్ని ముందుకు పంపదు, అందువల్ల హైదరాబాద్‌లో ఉన్న మీకు వేరే ఊరి సర్వరు తగలవచ్చు. సొంత రూటర్‌లో పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డుతో లైనులోకి లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టుకున్నవాళ్లు ఎంటీయూ (ఒక్కో డేటా ముక్క గరిష్ఠ పరిమాణం) 1492 ఉందో లేదో చూసుకోండి. నెలాఖరున మాత్రమే బాధ వస్తుంటే డేటా హద్దు చూడండి, చాలా ప్లాన్లలో అది నెలకు 3300 జీబీ. 4కె గంటకు 7 జీబీ తిన్నా రోజుకి నాలుగు గంటలకి నెలకు 840, మామూలు ఇంటికి దాటదు.

టీవీ వైపు తప్పులు చిన్నవి, కానీ అవమానకరంగా తేలికవి. స్టిక్కును టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి నడిపితే దానికి చాలినంత కరెంటు అందదు, డబ్బాలో వచ్చిన అడాప్టర్‌నే వాడండి. దాంతో వచ్చే చిన్న హెచ్‌డీఎంఐ పొడిగింపు తీగ పారేసేది కాదు, టీవీ ఇనుప వీపు నుంచి స్టిక్కును దూరంగా జరిపితే సిగ్నల్ మెరుగుపడుతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడే ఆగుతుంటే స్టిక్కు 2.4 మీద ఉంది, రెండూ ఒకే గాలిని పంచుకుంటున్నాయి. టీవీని రిమోట్‌తో ఆపితే అది నిద్రపోతుందంతే, ప్లగ్గు పీకి నిమిషం ఆగి పెట్టండి. స్టోరేజీ నిండితే వాడని యాప్‌లు తీసేయండి. బొమ్మ ఆగకుండా ఎప్పుడూ మసకగానే ఉంటే నెట్‌ను వదిలేసి మీ సబ్‌స్క్రిప్షన్ చూడండి, నెట్‌ఫ్లిక్స్ బేసిక్ ప్లాన్ 720పీ దాటదు, 4కె ప్రీమియంలోనే. పాత సౌండ్‌బార్ మీదుగా హెచ్‌డీఎంఐ వెళ్తుంటే అది హెచ్‌డీసీపీ 2.2 (కాపీ కాకుండా కాపాడే తాళం) ఒప్పుకోకపోతే కూడా 4కె రాదు.

వైరు మీద అన్నీ బాగుండి, పెద్ద మ్యాచ్ రోజున ఆ ఒక్క యాప్ మాత్రమే ఆగుతోందంటే మీ చేతిలో ఉన్నది ఒకటే, నాణ్యతను ఆటో నుంచి తీసి 1080పీకి కట్టేయండి. ఆటో పైకీ కిందకీ ఎగిరే గోల ఆగుతుంది.

కంపెనీకి ఫిర్యాదు చేయాల్సి వస్తే నెట్ స్లోగా ఉందని చెప్పకండి, రీస్టార్ట్ చేయమని పెట్టేస్తారు. మూడు రోజులపాటు పొద్దున ఏడుకీ రాత్రి తొమ్మిదిన్నరకీ వైరు మీద వచ్చిన వేగం, 8.8.8.8 పింగ్, ఆర్ఎక్స్ పవర్ రాసి, ఫోటోలతో సహా పంపి డాకెట్ (ఫిర్యాదు) నంబరు తీసుకోండి. తేలకపోతే ఆ నంబరుతోనే కంపెనీ అప్పీలు అధికారికి రాయాలి, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదును తీర్చదు. టెక్నీషియన్ ఎలాగూ పొద్దున పదకొండుకే వస్తాడు, అప్పుడు అంతా బాగానే ఉంటుంది. పవర్ మీటరుతో గోడ దగ్గర ఎంత వస్తోందో చూపించమనండి, అతను చూపించిన అంకెను ఫోటో తీసుకోండి. వెళ్తూ ఫిర్యాదు మూయడానికి ఓటీపీ చెప్పమంటాడు. రాత్రి మ్యాచ్ చూశాక చెప్తాననండి.